పగవాళ్ళ చేతుల్లో పద్నాలుగు చీటీలు

హంసలదీవి వెళ్ళొచ్చానని తెలియగానే మా కర్నూల్లో అందరూ అడిగింది ఒకటే: "కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగారా?" మునగలేదు. నేను వెళ్ళింది పుణ్యానికి కాదు, కాపలాకి. ఇరవై ఆరేళ్ళుగా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతున్నాను. పరీక్ష హాల్లో నా కంటబడకుండా చీటీ దాచిన పిల్లవాడు ఇంతవరకూ లేడు. ఆ పేరు వల్లే ఈ ప్రయాణం పడింది.

పిలిచింది ప్రిసిల్లా. నేను విజయవాడలో పనిచేసిన మూడేళ్ళలో నా విద్యార్థిని. ఇప్పుడు గుడివాడలో ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటోంది. ఒకరోజు ఫోనులో సందేశం పెట్టింది: "మేడమ్, ఈ అమావాస్యకి మా మేనత్తకి కూడా మొదటిసారి చీటీ వేస్తున్నారు. బయటి మనిషి ఒకరు దగ్గరుండి చూస్తేనే ఒప్పుకుంటామంటున్నారు పెద్దలు. చుట్టం కాకూడదు, ఈ జిల్లా కాకూడదు, మొహమాటం ఉండకూడదు. మూడోదానికి మీరే గుర్తొచ్చారు."

పొగడ్తో తిట్టో తేలలేదు. బయల్దేరాను.

సంగతి ఇదీ. హంసలదీవి దాపున, మడ అడవుల మధ్య, చేపలు పట్టుకునేవాళ్ళ చిన్న పల్లె ఒకటుంది. అక్కడ ఒక పాయ నదిలో కలిసే నోటి దగ్గర గుంజలు పాతి, నీటికి ఎదురుగా సంచిలాంటి వల కడతారు. ఆ నోట్లో వల ఒక్కటే పడుతుంది. వాటాలు పద్నాలుగు. అమావాస్యకీ పౌర్ణమికీ మధ్య ఒక్కో వాటాకి ఒక్కో రోజు. అమావాస్య దాటిన మొదటి రోజుల్లో నీళ్ళు ఉరకలు వేస్తాయి, వల నిండుతుంది. అష్టమి చుట్టుపక్కల నీళ్ళు పడుకుంటాయి, వల వేలాడుతుంది. ప్రిసిల్లా మేనత్త మరియమ్మకి భర్త పోయాక మిగిలింది ఒక్క వాటా. ఆరేళ్ళుగా ఆమెకి ఇస్తున్నది అష్టమి రోజే. "ఆడమనిషి, గట్టి నీళ్ళకి వల లాగలేదు" అని పెద్దల తీర్పు. ఈసారి ప్రిసిల్లా పోరగా పోరగా అందరికీ చీటీ వెయ్యడానికి ఒప్పుకున్నారు. ఒక షరతు: చీటీలో ఏ మోసం బయటపడ్డా మళ్ళీ పాత పద్ధతే, ఇంకెవరూ నోరెత్తకూడదు.

గుడివాడ: మేడమీది మిషను

ప్రిసిల్లా వాళ్ళింటి పక్కన బియ్యం మిల్లు. మాట్లాడాలంటే అరవాలి. నాకు అలవాటేగా. పొద్దున్నే సందు చివర బండి దగ్గర ఇడ్లీ తినిపించింది, ప్లేటు నలభై. కారప్పొడి మీద నెయ్యి ఎంత పోశాడంటే, మా ఊళ్ళో ఆ నెయ్యికి వేరే బిల్లు వేస్తారు.

తర్వాత మేడమీద గదిలోకి తీసుకెళ్ళి తన మిషను చూపించింది. టిఫిను డబ్బా అంత కంప్యూటరు, దానికో బుల్లి ఫ్యాను, పక్కన బ్యాటరీ. అది ఒక బ్లాక్‌చెయిన్‌కి కాపలాదారు. తెలియనివాళ్ళకి చెబుతాను. అదొక పుస్తకం అనుకోండి, వేలమంది దగ్గర ఒకే నకలు ఉంటుంది. కొన్ని సెకన్లకొకరి వంతు. వంతు వచ్చినవాళ్ళు ఒక పేజీ రాస్తే, మిగతావాళ్ళు చూసి వేళ దాటకుండా సంతకం పెట్టాలి. ఈ పనిలో చేరాలంటే ముందు తన సొమ్ము పణంగా పెట్టాలి, వంచన చేస్తే అది పోతుంది. ఎవరి వంతు ఎప్పుడో మరీ ముందే తెలిస్తే కొనేవాళ్ళు కొంటారు, బెదిరించేవాళ్ళు బెదిరిస్తారు. అందుకని చీటీ. ఆ చీటీ తీసేవాడు ఎవడూ లేడు. తలా ఒక రహస్యపు అంకె వేస్తారు, అన్నీ కలిపితే వచ్చినదే చీటీ. అందులో ఒక్క అంకె నిజంగా ఎవరికీ తెలియనిదైతే చాలు, మొత్తం ఎవరి చేతిలోనూ ఉండదు.

"ఎన్నాళ్ళకొస్తుంది నీ వంతు?" అన్నాను.

"నెలలు పడుతుంది మేడమ్. మొన్న వచ్చింది."

"రాశావా?"

"కరెంటు పోయింది. బ్యాటరీ మీద మిషను లేచింది గానీ దాని గడియారం వెనకబడింది. నా పేజీ వెళ్ళేసరికి పక్కవాడి వంతు మొదలైంది." నవ్వింది గానీ, ఆ నవ్వు బాగాలేదు. "మా అత్తకి అలా కాకూడదు మేడమ్. చీటీ పడ్డాక పిలిస్తే పలకాలి, పలక్కపోతే ఆ పక్షానికి పోయినట్టే. వాళ్ళ రూలు కూడా అదే."

పల్లె చీటీని కూడా ఈ మిషను పద్ధతిలోనే కట్టిందట. ఫోనులో పెడదామంటే పోతురాజు గారనే పెద్దాయన, "ఫోను లోపల ఎవరు కూర్చున్నారో మాకేం తెలుసు?" అన్నాడట. అందుకని కాగితాలకి దిగింది. ఆయన అడిగింది తప్పని నేను అనలేను.

బందరు వెళ్ళే రైల్లో ఎదురు సీటు ఆయన ధాన్యం వ్యాపారి. మా మాటలన్నీ విని ఊరుకోలేకపోయాడు.

"ఒక్క మాటండీ. ఎక్కువ పణం పెట్టినోడికి ఎక్కువ వంతులా?"

"అవునండీ, ఆ మేరకు."

"దానికి కంప్యూటరెందుకమ్మా? మా మార్కెట్లో అదే కదా జరుగుతుంది!"

"మీ మార్కెట్లో పెద్ద వ్యాపారి చిన్నవాడి వంతు లాక్కుంటాడు. ఇక్కడ లాక్కోలేడు."

"లాక్కోలేడని మీరు చూశారా, చదివారా?"

చదివాను. ఆ మాట చెప్పకుండా కిటికీలోంచి చేపల చెరువులు చూశాను. నీళ్ళమీద తెల్లగా తిరుగుతున్న చక్రాలు, చేపలకి గాలి కొట్టేవట. మా సీమలో మనుషులకే నీళ్ళు లేవు, ఇక్కడ నీళ్ళకి గాలి కూడా కొడతారు.

బందరు: పది నిమిషాలు

మచిలీపట్నాన్ని ఆ ఊళ్ళో ఎవరూ మచిలీపట్నం అనరు, బందరే. తొక్కుడు లడ్డు పావు కిలో నూట ముప్పై పెట్టి కొని, నడుస్తూనే సగం తిన్నాం. మాకిచ్చిన ఆవిడ, "పళ్ళతో కొరక్కండమ్మా, నోట్లో వదిలెయ్యండి" అని పాఠం చెప్పింది. నాకు పాఠం చెప్పేవాళ్ళంటే గౌరవం.

అక్కడే నా చేతి గడియారం ఆగింది. బస్టాండు దారిలో ఖలీల్ గారి దుకాణం, దుకాణమంటే తలుపంత చోటు. కంటికి భూతద్దం తగిలించుకుని, కొత్త సెల్లు వేసి, అరవై అన్నారు. తర్వాత ముల్లు తిప్పబోతే ఆపాను.

"పది నిమిషాలు ముందు పెట్టండి. నాకు అలవాటు."

"ఎందుకమ్మా?"

"ఆలస్యం కాకూడదని."

"పది నిమిషాలు ముందుందని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి దాన్ని తీసేసుకునే కదా చూస్తారు? ఎవర్ని మోసం చేద్దామని?" అని, నేను వాదన వెతుక్కునేలోపు సరైన వేళకి తిప్పేశారు. "గడియారం కరెక్టుగా ఉండటం గొప్ప కాదమ్మా. పదిమంది గడియారాలూ ఒక్క మాట మీద ఉండాలి, అదీ గొప్ప. రంజాన్ నెలలో సాయంత్రం మేమెవరం చేతి గడియారం చూసి ఉపవాసం విడవం. మసీదు పిలుపు వింటాం. మా ఇంటికి రెండు మసీదులు వినబడతాయి, అర నిమిషం తేడా. నేను మొదటి పిలుపుకి విడుస్తాను, మా ఆవిడ రెండోదానికి."

"గొడవ రాదా?"

"రోజూ వస్తుంది. అయిదో నిమిషానికి ఇద్దరం ఒకే కంచం దగ్గర ఉంటాం. అప్పుడిక ముందెవరు విడిచారని ఎవరడుగుతారు?"

ప్రిసిల్లా నా మోచేయి గిల్లింది. మా శాస్త్రంలో దీనికి పెద్ద పేరుంది. ఖలీల్ గారికి ఆ పేరు అక్కర్లేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అవనిగడ్డ బస్సు నా కళ్ళముందే వెళ్ళిపోయింది. గడియారం సరిగ్గా ఉంది. నేనే, పాతికేళ్ళ అలవాటు కొద్దీ, దాంట్లోంచి పది నిమిషాలు తీసేశాను.

కృష్ణ దాటాక

వంతెన మీద బస్సు నిదానించింది. కింద నది, నది అనడానికి మనసొప్పనంత వెడల్పు. మా కర్నూల్లో తుంగభద్ర ఇసుక మీద నడిచి అవతలికి వెళ్ళిన రోజులు నాకు గుర్తే. దివిసీమలో దిగాక రెండు పక్కలా వరి, ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఆ తర్వాత ఉప్పు గాలి. కోడూరు నుంచి ఆటో మూడొందలన్నాడు, ప్రిసిల్లా, "మాది ఇక్కడే తమ్ముడూ" అనేసరికి నూట ఎనభైకి దిగాడు. "మీకు నూట ఎనభై అక్కా, ఆవిడకి మూడొందలు" అన్నాడు నన్ను చూసి. అందరం కలిపి నూట ఎనభైకే వెళ్ళాం.

మరియమ్మ సన్నగా, నల్లగా, నవ్వితే కళ్ళు మూతపడే మనిషి. గోడకి ఏసుక్రీస్తు పటం, దాని పక్కనే క్యాలెండరు. క్యాలెండర్లో అష్టములన్నీ పెన్సిలుతో చుట్టి ఉన్నాయి. పీతల పులుసు పెట్టింది. ఎలా తినాలో తెలియక నేను తంటాలు పడుతుంటే, కాళ్ళు తనే పటపటా విరిచి నా కంచంలో వేసింది.

"మీ ఊళ్ళో పీతలుండవా మేడమ్ గారూ?"

"రాళ్ళుంటాయి."

"అవీ ఇలాగే విరగ్గొట్టాలేమో మరి!"

తింటుండగానే అడిగాను: "గట్టి నీళ్ళు వస్తే నిజంగా లాగగలవా?"

"నా మొగుడున్నప్పుడు వెనక తాడు పట్టింది ఎవరనుకున్నారు? ఆయనకి నడుము నొప్పి. పేరు ఆయనది, తాడు నాది." చెయ్యి కడుక్కుంటూ అంది, "ఆరేళ్ళండీ. ఒక్కసారన్నా పాడ్యమి నీళ్ళు వలలో మోగితే వినాలని. అంతే."

పెన్సిలు రాత

అసలు చీటీ మర్నాడు అమావాస్యకి. ముందురోజు మధ్యాహ్నం ఉత్తుత్తి చీటీ ఒకటి వేసి చూద్దామన్నాను నేను. పన్నెండు ఇళ్ళవాళ్ళూ వల ఆరేసే చోట కూర్చున్నారు. పోతురాజు గారి ఇంటికి మూడు వాటాలు, మిగతా ఇళ్ళకి తలా ఒకటి. ఆయనకి అరవై దాటాయి, మరియమ్మకి వరసకి బావ, మెళ్ళో తువ్వాలు, ముఖంలో ఎప్పుడూ సగం నవ్వు. ఆ నవ్వు నేను కాలేజీల్లో చూశాను. ప్రశ్నపత్రం ముందే తెలిసినవాడు అలాగే నవ్వుతాడు.

పద్ధతి చెబుతాను, చిన్నదే. వాటాల వరస తాతల నాటిది: మొదటి మూడూ పోతురాజు గారివి, ఎనిమిదోది మరియమ్మది. ప్రతి వాటాకీ ఒక చీటీ, దాంట్లో ఒకటి నుంచి పద్నాలుగు లోపు ఏదో ఒక అంకె. అన్నీ విప్పి కూడి, అందులోంచి పద్నాలుగులు తీసేస్తూ పోతే ఎంత మిగిలితే, వరస అన్ని రోజులు కిందికి జరుగుతుంది, పద్నాలుగు దాటిన వాటా మళ్ళీ ఒకటో రోజు నుంచి వస్తుంది. చీటీ విప్పనివాడి అంకె లెక్కలోకి రాదు, ఆ వాటా ఆ పక్షానికి పోతుంది. శిక్ష ఉందిగా, ఇంకెవడు విప్పకుండా ఉంటాడు? అని నేనూ ప్రిసిల్లా ధీమాగా ఉన్నాం.

ఒక్కొక్కరే విప్పారు. కూడటానికి నేను కాగితం తీసేలోపే ఆడవాళ్ళు నోటితో కూడేస్తున్నారు. వేలంపాటలో చేపలు అమ్మే నోళ్ళవి. పెద్దవాళ్ళు చివర మాట్లాడటం అక్కడి మర్యాద కాబట్టి పోతురాజు గారు ఆఖర్న. రెండు విప్పారు. "తొంభై ఎనిమిది" అంది మరియమ్మ వెంటనే. మూడో చీటీ విప్పి, అటూ ఇటూ తిప్పి, నాలుక చప్పరించారు.

"తడిసిపోయిందండీ. అంకె కనబడట్లేదు. పోన్లెండి, నాకో వాటా పోయినట్టే."

తొంభై ఎనిమిది అంటే ఏడు పద్నాలుగులు. మిగిలింది సున్నా. వరస కదల్లేదు. ఆయన మిగతా రెండు వాటాలకీ మొదటి రెండు రోజులు, ఉరకలేసే నీళ్ళు. మరియమ్మకి ఎనిమిదో రోజు. మళ్ళీ అష్టమే.

"ఇలా ఇవ్వండి" అన్నాను.

"తడిసిందన్నానుగా అమ్మా."

"పెన్సిలు తడిస్తే పోదు పెద్దాయనా. కాలు మీద రాసుకుని చెమట పట్టిందన్న పిల్లల్ని చూశాను నేను." కాగితం ఎండకి ఎత్తి పట్టాను. ఆరు. శుభ్రంగా ఉంది.

మరియమ్మ కళ్ళు మూసుకుని ఒక్క క్షణంలో చెప్పేసింది. "ఆరు కలిపితే వరస ఆరు రోజులు జరుగుద్ది. బావ గారి మూడూ అష్టమి మీద పడతాయి. నాది పద్నాలుగో రోజు. పౌర్ణమి ముందర, గట్టి నీళ్ళు." కళ్ళు తెరిచి, "ఒకటి పారేసి రెండు బాగుచేసుకున్నారు బావా!" అంది.

గోల లేచింది. ఒక్క వాటా ఉన్నవాడు చీటీ దాస్తే ఉన్నది పోతుంది. మూడున్నవాడు ఒకటి పోగొట్టుకుని రెండు బాగుచేసుకుంటాడు. పైగా మర్యాద పేరుతో ఆఖరి వంతు ఆయనదే. రైల్లో వ్యాపారి అడిగింది ఇదే. చూశారా, చదివారా? ఇప్పుడు చూశాను.

"మోసం బయటపడింది కాబట్టి పాత పద్ధతేనా?" అన్నారెవరో. ప్రిసిల్లా ముఖం తెల్లబోయింది.

పోతురాజు గారు తువ్వాలు దులుపుకున్నారు. "ఉత్తుత్తి చీటీకి మోసమేంట్రా? సందు ఉందని చూపించా. రేపు చేసుంటే ఈవిడ పట్టుకునేదా?"

"పట్టుకునేదాన్ని" అన్నాను.

"అయితే సందు మూసి చూపించండి. రేపు నీళ్ళు తిరిగేలోపు. మూసేరంటే నేనూ కూర్చుంటా. లేదంటే పాత పద్ధతే."

నాకు వెంటనే తోచింది. ఆఖరివాడు ముందే లెక్క కట్టగలుగుతున్నాడు కాబట్టి, అంకెలన్నీ విప్పాక వచ్చేది ఇంకొకటి కలపాలి. "రేపు పోటు గుంజ మీద ఎన్ని గాట్లు ఎక్కితే అంత కలుపుదాం. అది ఎవరికీ తెలియదు కదా?" అన్నాను దర్జాగా.

మొత్తం పల్లె నవ్వింది. ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నాలుగో గాటు దాటి బెత్తెడు ఎక్కుద్ది తల్లీ. తూరుపు గాలి కొడితే ఇంకో రెండు వేళ్ళు" అంది.

నాకు తెలియనిది ఎవరికీ తెలియదనుకోవడం. చదువుకున్నవాళ్ళకి వచ్చే జబ్బిది.

వీపు తిప్పినవాడు

అమావాస్య పొద్దున మరియమ్మతో ఒడ్డుకి వెళ్ళాను. ఒక పడవ అప్పుడే వచ్చింది, నలుగురు కలిసి పట్టిన చేపలు. ఒకడు వాటిని నాలుగు కుప్పలు చేశాడు. ఎంత సమంగా చేసినా ఒక కుప్పలో పండుగప్ప పెద్దది పడింది. ఇక కొట్టుకుంటారనుకున్నాను. రెండోవాడు కుప్పలకి వీపు తిప్పి, నదివైపు చూస్తూ నిలబడ్డాడు. మొదటివాడు ఒక కుప్ప మీద కర్ర పెట్టి, "ఇది ఎవరిది?" అన్నాడు. వీపు తిప్పినవాడు ఒక పేరు పిలిచాడు. మళ్ళీ కర్ర, మళ్ళీ పేరు. పండుగప్ప అందరికంటే చిన్నవాడికి పడింది. ఎవరూ కిక్కురుమనలేదు.

"ఎప్పటినుంచి ఇది?" అన్నాను.

"ఎప్పట్నించో. చూసినోడు పిలవకూడదు, పిలిచినోడు చూడకూడదు" అంది మరియమ్మ, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ. అని, అక్కడే ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

"మేడమ్ గారూ, నా చీటీ నా చేతిలో ఉండటమెందుకు?"

"చెప్పు."

"రాసింది నేను, నాకు అంకె తెలుసు. విప్పేది ఇంకోళ్ళు, వాళ్ళకి తెలవదు. తెలవనోడు ఏం చూసుకుని దాస్తాడు?"

"కూడబలుక్కుంటే?"

"కూడబలుక్కోనోళ్ళకే ఇద్దాం. ఈ ఊళ్ళో వాళ్ళకేం కరువు?"

ఆడదాన్ని ముద్దు పెట్టుకోవడం మా ఇళ్ళల్లో లేదు గానీ, ఆ పొద్దున ఒడ్డున అంత పనీ చేశాను.

ఆ తర్వాత గంటసేపు నేను ఆ ప్రయాణంలో చూసిన అన్నిటికంటే వినోదం. ఎవరికి ఎవరు పగ అన్న జాబితా. ఎవరి గుంజ ఎవరు పీకారు, ఎవరి పెళ్ళిలో ఎవరికి కూర తక్కువైంది, అన్నీ బయటికొచ్చాయి. రెండు ఇళ్ళకి మాత్రం పగవాళ్ళు దొరకలేదు. అక్కడికక్కడ దెబ్బలాట పెట్టుకుని అర్హత సంపాదించారు. పోతురాజు గారి మూడు చీటీలకి పగవాళ్ళు కావాలంటే ఏడుగురు లేచారు. అందులో ఒకటి మరియమ్మకి దక్కింది. మరియమ్మ చీటీ పోతురాజు గారికి.

ముందే విప్పి చూస్తారేమో అన్న అనుమానానికి కూడా వాళ్ళ దగ్గరే మందుంది. వల అల్లే దారంతో ప్రతి చీటీకీ ముడి. ఒక ఇంటి ముడి ఇంకో ఇంటికి రాదట. విప్పేముందు సొంతదారు తన ముడి చూసి "నాదే" అనాలి. కాదంటే మొత్తం చీటీ రద్దు, మళ్ళీ మొదట్నించి అని రూలు నేను చెప్పాను.

నీళ్ళు తిరిగేలోపు

మధ్యాహ్నం రెండు దాటింది. వేళ ఎంతని నేను గడియారం చూశాను గానీ అక్కడెవరూ చూడలేదు. అందరి కళ్ళూ పాయలో పాతిన గుంజ చుట్టూ తేలే నురగ మీద. అది సముద్రం వైపు జారుతున్నంతసేపూ వేళ ఉన్నట్టు. ఆగిందంటే పోటు మొదలు, అప్పటికి విప్పని చీటీ చెల్లదు. ఖలీల్ గారు ఉంటే సంతోషించేవారు. అందరిదీ ఒకే గడియారం.

విప్పడం మొదలైంది. "నాదే." "పదకొండు." "నాదే." "మూడు." మరియమ్మ పోతురాజు గారి చీటీ విప్పి, "రెండు, బావ గారూ, పొడిగానే ఉంది" అంటే నవ్వులు. పదమూడు అయ్యాయి. మొత్తం తొంభై రెండు. మిగిలింది ఒక్కటే, పోతురాజు గారి అరచేతిలో ఉన్న మరియమ్మ చీటీ. నురగ నిదానించింది.

నేను మరియమ్మ ముఖం చూస్తున్నాను. ఆమె కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. లెక్క కడుతోంది. తనేం రాసిందో తనకి తెలుసు, మిగతాదంతా విన్నది. ఈ భూమ్మీద ఆ క్షణాన ఫలితం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కళ్ళు తెరిచేసరికి ముఖంలో ఏదో ఆరిపోయి ఉంది.

అప్పుడు తట్టింది నాకు. నేను మూశాననుకున్న సందు పక్కనే ఇంకో సందు వదిలేశాను. "ఇది నా ముడి కాదు" అంటే చాలు, మొత్తం రద్దయి మళ్ళీ చీటీ. కాదని ఎవరూ నిరూపించలేరు. ముడి తెలిసింది ఆమెకే.

పోతురాజు గారు చెయ్యి చాపారు. ఆయనకీ తెలిసినట్టే ఉంది. ఆ సగం నవ్వు లేదు. "చూసుకో మరియా."

ఆమె వంగి ముడి చూసింది. అంతసేపు చూడక్కర్లేదు.

"నాదే. విప్పండి బావ గారూ."

ఏడు.

తొంభై తొమ్మిది. ఏడు పద్నాలుగులు పోగా ఒకటి. వరస ఒక్క రోజు జరిగింది. పోతురాజు గారికి రెండు, మూడు, నాలుగు రోజులు, అన్నీ నిండు నీళ్ళు. మరియమ్మకి తొమ్మిదో రోజు. అష్టమి దాటిన మర్నాడు, పడుకున్న నీళ్ళు. ఆమె చీటీ లేకుండా లెక్క కడితే రెండో రోజు వచ్చేది. తన చేత్తో రాసుకున్న ఏడే తనని అక్కడ పడేసింది.

పిలిచే పని బయటి మనిషిది. అందరికీ వీపు తిప్పి, నదివైపు నిలబడ్డాను. "మొదటి రోజు ఎవరిది?" అని వెనకనుంచి అడిగారు. జాబితా చూసి పేర్లు పిలుస్తున్నాను, వెనక ఒక్కో గొంతు పలుకుతోంది. ఎనిమిది అయింది. తొమ్మిదో పేరు పిలవడానికి నాకు నోరు రాలేదు. అన్యాయం జరిగితే పోట్లాడటం నాకు వచ్చు. న్యాయంగా జరిగినదాంతో ఎలా పోట్లాడాలో ఎవరూ నేర్పలేదు.

"పిలవండమ్మా, నురగ ఆగుతోంది" అన్నారెవరో.

"మరియమ్మ!" అన్నాను. ఆరేళ్ళుగా ఆ వాటాని చనిపోయిన భర్త పేరు మీదే పిలిచేవారట.

పేరు పూర్తికాకముందే వెనకనుంచి వచ్చింది: "ఉన్నా!"

తిరిగి వస్తుంటే నా ముఖం చూసి తనే మొదలుపెట్టింది. "ఏంటండీ, అమావాస్య మీ మొహంలోనే ఉంది? నిన్నటి ఎనిమిది బావ నాకు పడేసింది. ఇవాళ్టి తొమ్మిది నాకొచ్చింది. రెండూ ఒకటేనా?"

వెనక నుంచి పోతురాజు గారు, "పౌర్ణమికి కూడా నీ చీటీ నా దగ్గరే పెట్టు మరియా. ఇంకోళ్ళకి ఇస్తే ఊరుకోను" అన్నారు.

"పగ అప్పటిదాకా ఉంటేగా బావా" అంది.

తొమ్మిదో రోజు

కర్నూలు వచ్చాక తొమ్మిదో రోజు సాయంత్రం ఫోను చేశాను. వలలో ఏం పడిందన్నాను.

"రెండు పీతలూ, గుప్పెడు చిన్నచేపలూ, ఒక చెప్పు" అంది మరియమ్మ. "మీరు చెప్పు మరిచిపోయి వెళ్ళలేదు కదా?"

"ముడి నీది కాదని అనొచ్చుగా ఆ రోజు?" నోరు ఊరుకోక అడిగేశాను.

"అది మీకప్పుడు తట్టిందా? నాకు పొద్దున మీరు రూలు చెబుతున్నప్పుడే తట్టింది. ఈసారి ముడులన్నీ ముందే చూపించేసుకోవాలండీ, ఒక్క చీటీ విప్పకముందే. ప్రిసిల్లాకి చెప్పా, రాసుకుంది."

నేనూ రాసుకున్నాను.

"పౌర్ణమి దగ్గరికొచ్చింది మేడమ్ గారూ. చీటీలో ఏం రాయాలా అని పొద్దుట్నించీ ఆలోచిస్తున్నా. ఏడు వద్దు. పదకొండు వేద్దామా?"

"ఏం రాసినా ఒకటే మరియమ్మా. లెక్క ప్రకారం ఏ అంకెకైనా అవకాశం సమానం."

"మీకు ఒకటేనండీ" అంది. "రాసేది నేను."